మా బావమరిదికి లేని మొలలు

నేను మూర్ఖుణ్ణని ఒప్పుకోవడానికి నాకిప్పుడు సిగ్గేమీ లేదు. ఆ రోజుల్లో నాకున్న సిగ్గంతా వేరే చోట ఉండేది. మనిషి కూర్చోవడానికి ఆ చోటొక్కటే ఆధారం కనక, నేను కూర్చోవడమే మానేశాను.

సూటిగా చెప్పేస్తాను. నాకు మొలలుండేవి. ఊరూరా తిరిగి "రోగం దాచుకోకండి, అడగడానికి సిగ్గుపడకండి" అని గొంతు చించుకోవడానికి సర్కారు నాకు జీతమిచ్చేది. ఆ జీతంతో గోంగూర పచ్చడి, ఊరమిరపకాయలు తిని తెచ్చుకున్న రోగాన్ని కట్టుకున్న భార్యకి కూడా చెప్పకుండా దాచుకున్నాను. దాచుకుని ఊరుకున్నా బాగుండేది. గుండ్రాయిలా ఉన్న మా బావమరిదికి దాన్ని అంటగట్టాను. మొలలు అంటువ్యాధి కాదని సభల్లో చెప్పేవాణ్ణి నేనే. అంటించవచ్చని నిరూపించినవాణ్ణీ నేనే.

అరవైల నడిమి మాటిది. రేపల్లెలో హెల్త్ ఇన్‌స్పెక్టరుగా ఉండేవాణ్ణి. జనానికి అంత పేరు నోరు తిరగక "హెల్తు గారు" అని కుదించారు. బావుల్లో బ్లీచింగ్ పౌడరు వేయించడం, సంతలో కుళ్ళిన చేపలు పారబోయించడం, హోటళ్ళ వంటిళ్ళలోకి తొంగిచూసి, చూసిన పాపానికి అక్కడ కాఫీ తాగకుండా బయటపడటం, ఇవీ పగటి పనులు. సాయంత్రం ఏదో ఒక ఊళ్ళో సభ. గజ్జి, తామర, నులిపురుగులు, నోటి కంపు, మలబద్ధకం... ఇంట్లో నలుగురిలో ఎవరూ ఎత్తని మాటల్ని నేను వీధిలో నలభైమందిలో ఎత్తాలి.

నా వెనకాల ఒక పటం వేలాడేది. గుడ్డ మీద రంగుల్లో మనిషి పేగుల బొమ్మ. నోటి దగ్గర మొదలుపెట్టి బెత్తంతో కిందికి దిగేవాణ్ణి. కడుపు దాకా ధైర్యంగా, పెద్ద పేగు దాకా మర్యాదగా. ఆ కిందున్న జానెడు పటాన్ని మాత్రం ఎప్పుడూ విప్పేవాణ్ణి కాదు, చుట్టే ఉంచేవాణ్ణి. నా ప్రసంగం విన్నవాళ్ళకి, మనిషి తిన్నది పెద్ద పేగు దాకా వెళ్ళి అక్కడే స్థిరనివాసం ఏర్పరుచుకుంటుందని అనిపించి ఉంటుంది.

ప్రసంగం అయ్యాక "ప్రశ్నలడగండి" అంటే సభ మొత్తం తల దించుకుని కాలి వేళ్ళు పరీక్షించుకునేది. అందుకు మాకో ఉపాయం ఉండేది. టీకాలు వేసే మా సహోద్యోగి ఒకాయన, నాకంటే వయసులో పెద్ద, తలకి తువ్వాలు చుట్టుకుని జనంలో కలిసిపోయి కూర్చునేవాడు. సమయం చూసి లేచి, "అయ్యా, నాక్కాదు గానీ, మా బావమరిదికండీ, తొడల సందున ఒకటే దురదండీ" అనేవాడు.

అంతే, కాలవకి గండి పడ్డట్టే. "మా బావమరిదికి కూడా అదేనండీ" అని ఒకడు లేచేవాడు. "మా బావమరిదికి చెమట వాసనండీ, పక్కన కూర్చోలేకపోతున్నాం" అని ఇంకొకడు. రేపల్లె చుట్టుపక్కల మగాళ్ళంతా వజ్రకాయులూ, వాళ్ళ బావమరుదులు మాత్రం నిలువెల్లా రోగిష్ఠులూ అని ఎవరికైనా అనిపించేది. నేనూ ఆ మర్యాద పాటించేవాణ్ణి. "మీ బావమరిదికి చెప్పండి, పంచె రోజూ ఉతికి ఎండలో ఆరేసుకోమని, తడి గుడ్డ కట్టుకోవద్దని" అంటే, అతను బుద్ధిగా తలూపేవాడు. గోక్కునే చెయ్యి మాత్రం అతనిదే.

చదువుతున్న కుర్రాళ్ళు నవ్వుకుంటూ ఉండొచ్చు. మా మనవరాలు చెప్పింది, మీరు సెల్‌ఫోన్లో అడిగేటప్పుడు కూడా "నా ఫ్రెండ్‌కి ఇలా ఉంది" అని మొదలుపెట్టి టైపు చేస్తారట. ఎదురుగా మనిషే లేని చోట కూడా సిగ్గుపడుతున్నారంటే, మీరు మా తరాన్ని మించిపోయినట్టే.

ఇక నా సైకిలు సంగతి. ఊళ్ళు తిరగాలంటే అదొక్కటే వాహనం, దారంటే కాలవ గట్టు. సీటు ఎండకి బిగిసిన తోలు. దాని మీద కూర్చోవడం నావల్ల కాక, పెడళ్ళ మీద నిలబడి తొక్కేవాణ్ణి. రేపల్లె నుంచి ఏ ఊరికైనా నిలువుకాళ్ళ మీదే ప్రయాణం. ఒకరోజు మా పై అధికారి జీపులో వెళ్తూ నన్ను చూశాడు. వారం తర్వాత మీటింగు పెట్టి, నన్ను ముందుకి పిలిచాడు.

"ఈయన సైకిలు సీటు మీద కూర్చోగా నేను చూడలేదు. ఆఫీసులో కూడా కుర్చీ ముట్టడు. ఇదీ చురుకుదనం! ఆరోగ్య శాఖలో ఉండి మీరంతా పొట్టలు పెంచుతున్నారు. రేపట్నించి ఫీల్డు స్టాఫంతా ఈయన లాగే నిలబడి తొక్కాలి."

నేను వినయంగా తల దించుకున్నాను. కూర్చోలేనివాడికి వినయం తేలికే. టీకాలాయన మాత్రం సాయంత్రానికి కాళ్ళు పట్టుకుని ఆఫీసు అరుగు మీద కూలబడ్డాడు.

"మీ చురుకుదనం తగలెయ్య! మోకాళ్ళు రెండూ నాయి కాకుండా పోయినాయండీ. నేనేం పాపం చేశానండీ మీకు?"

"వ్యాయామం మంచిదేగా" అన్నాను. అబద్ధం కాదు. అందుకే ఇంకా ఎక్కువ సిగ్గేసింది.

ఇంట్లో నిలబడే భోంచేసేవాణ్ణి. మా ఆవిడ అదేదో మొక్కు అనుకుంది. "ఏ దేవుడికండీ?" అంటే, "మొక్కు బయటికి చెబితే ఫలం పోతుంది" అన్నాను. పాపం, ఆవిడ ఆ తెలియని దేవుడికి రోజూ ఒక దీపం ఎక్కువ పెట్టేది.

నొప్పి భక్తితో తగ్గేది కాదు కనక, ఒకరోజు సెలవు పెట్టి తెనాలి వెళ్ళాను. రేపల్లెలో డాక్టరు లేక కాదు. రేపల్లెలో నన్నెరగనివాళ్ళు లేక. ఆ వెళ్ళడమూ తెలివితక్కువే. తెనాలి అంటే చుట్టుపక్కల ఊళ్ళన్నీ సరుకులకీ సినిమాలకీ డాక్టర్లకీ ఒకేసారి వచ్చిపడే చోటు. రహస్యం కోసం తెనాలి వెళ్ళడమంటే దాక్కోవడానికి రథమెక్కినట్టే. ప్యాసింజరు రైల్లో బెంచీలన్నీ ఖాళీ. నేను తలుపు దగ్గర నిలబడి, ఎవరన్నా చూస్తే గాలికని చెబుదామనుకుంటూ వెళ్ళాను.

డాక్టరు గారు పెద్దాయన. కుర్చీ చూపించాడు.

"ఫర్వాలేదండి. నాక్కాదండి, మా బావమరిదికి" అన్నాను.

చూశారా! ఎన్ని వందలమంది నోట విన్నానో ఆ మాట, నా నోటా అదే వచ్చింది.

"ఏంటి ఆయనకి?"

"మొలలండి."

"రక్తం పడుతుందా?"

"అప్పుడప్పుడు. అంటే, పడుతుందటండి."

"ఎన్నాళ్ళ నుంచి?"

"నిరుడు మామిడికాయల రోజుల నుంచి... అని చెప్పాడండి."

"చూడకుండా మందెలా ఇస్తానయ్యా? తీసుకురా ఆయన్ని."

"సిగ్గరండి. రాడు."

ఆయన కళ్ళద్దాల మీదుగా నా వైపు చూశాడు. "నువ్వు కూర్చుని మాట్లాడచ్చుగా?"

"అలవాటండి, నిలబడటం."

"మీ బావమరిదికీ అదే అలవాటా?"

నేను గోడ మీది క్యాలెండరు చదవడం మొదలుపెట్టాను. ఆయన నిట్టూర్చి, మందు చీటీ మీద కలం పెట్టి "పేరు?" అన్నాడు.

పేరు అడుగుతారని నేననుకోలేదు. కంగారులో మా బావమరిది అసలు పేరు, ఇంటిపేరుతో సహా చెప్పేశాను. "బాపట్ల" అని ఊరు కూడా చేర్చాను. ప్రభుత్వోద్యోగిని కదా, అడగని వివరాలు కూడా పూర్తిగా ఇవ్వడం అలవాటు. డాక్టరు గారు చీటీ కాంపౌండరుకిచ్చి, "ఇది నాలుగు రోజుల ఉపశమనానికే. ఆ తర్వాత మీ బావమరిది నాకు కనపడాలి. సిగ్గుపడితే ముదురుతుంది" అన్నాడు.

కాంపౌండరుకి గొంతు పెద్దది. జనంతో నిండిన వసారాలోకి వచ్చి, మా బావమరిది పూర్తి పేరు పిలిచి, "బాపట్ల! మొలల మందు ఎవరిదండీ? పూత బయటికి, పొడి లోపలికి! తారుమారు చెయ్యమాకండి!" అని కేకేశాడు. నేను వెళ్ళి తల వంచుకుని తెచ్చుకున్నాను.

ఆ వసారాలో దుగ్గిరాల నుంచి మోకాలి నొప్పికి వచ్చిన ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. ఆవిడ మేనకోడల్నే మా బావమరిదికి చేసుకోవాలని మాటలు నడుస్తున్నాయి. మాటల సంగతి నాకు తెలుసు. పెళ్ళిచూపులకి నేనూ వెళ్ళాను, కాఫీ నిలబడి తాగాను. ఈ మేనత్తగారి సంగతే తెలీదు.

తర్వాతి ఆదివారం మధ్యాహ్నం నేను చేతిలో కంచం పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడి అన్నం తింటున్నాను. బాపట్ల నుంచి మా బావమరిది ఊడిపడ్డాడు. చెప్పులైనా విప్పలేదు.

"బావా, నాకు మొలలున్నాయంట."

ఎత్తిన ముద్ద మళ్ళీ కంచంలో పెట్టేశాను. "ఎవరన్నారు?"

"దుగ్గిరాల వాళ్ళు. మొలలున్న సంగతి దాచారు, ఈ సంబంధం మాకొద్దని కబురెట్టారు. తెనాలి డాక్టరు దగ్గర నా పేరున మందు కూడా తీసుకెళ్ళారంట. నాక్కూడా తెలీకుండా నాకెప్పుడొచ్చినయ్యి బావా?"

మా ఆవిడ చేతిలో గరిటెతో వచ్చింది. తమ్ముణ్ణి చూసింది. గోడకి ఆనించిన పీట చూసింది. కంచంతో నిలబడి ఉన్న నన్ను చూసింది. చాలాసేపు చూసింది.

"ఏ దేవుడి మొక్కండీ అది?" అంది.

ఆ తర్వాతి సంభాషణ అంతా రాయను. గరిటె మాత్రం విరగలేదు. అంతా విన్నాక మా బావమరిది మొదట పగలబడి నవ్వాడు, తర్వాత నవ్వు ఆపేసి నేల మీద కూర్చుండిపోయాడు.

"నాకా పిల్ల నచ్చింది బావా. అందరూ తల దించుకునే చోట తలెత్తి, 'కాఫీలో పంచదార ఎక్కువైందా' అని నన్నే అడిగింది. ఎక్కువైందన్నాను. 'నేనూ అదే అనుకున్నా' అంది. అలాంటి పిల్ల మళ్ళీ దొరుకుద్దా?"

"పోనీ నీకు లేవని నువ్వే వెళ్ళి చెప్పు" అన్నాను.

"చెప్పి పంపా. లేవంటే ఎవడు నమ్ముతాడు? ఉన్నవాడూ లేవనేగా అనేది! రుజువు చూపించమంటావా?"

"మీరు చెప్పాలి, మీ నోటితో" అంది మా ఆవిడ.

"ఎవరన్నా పెద్దమనిషిని పంపి నెమ్మదిగా..."

"మీ మొలలకి రాయబారం కూడానా?"

వెళ్తానన్నాను. ఎల్లుండి వెళ్తానన్నాను, ఆ పై వారం వెళ్తానన్నాను. ఆ రోజుల్లో మలబద్ధకం నా మాటకి కూడా పట్టింది.

సరిగ్గా అప్పుడే, రేపల్లెకి దగ్గర్లో ఒక ఊళ్ళో సభ పెట్టాం. మా పై అధికారి కూడా వస్తానన్నాడు. స్కూలు ముందు పందిరి, ఇనప కుర్చీలు, మైకు. జనం బాగా వచ్చారు. ఆడవాళ్ళు ఒక పక్కన చాప మీద కూర్చున్నారు. నేను పటం తగిలిస్తూ చూద్దును కదా, పందిరి చివర గుంజకి ఆనుకుని దుగ్గిరాల పెద్దాయన! పెళ్ళికూతురి తండ్రి. పెద్ద పసుపు వ్యాపారి. ఆయన గోళ్ళు, పంచె అంచు కూడా పసుపచ్చగా ఉండేవి. ఎవరో కుర్చీ తెచ్చి వేస్తే, "వద్దు బాబూ, నాకు నిలబడటమే అలవాటు" అంటున్నాడు. ఈయన ఇక్కడికెలా వచ్చాడా అని ఆశ్చర్యపోయాను. "మా ఆయన ఫలానా ఊళ్ళో సభలో ఉంటారు, అడగాల్సింది అక్కడే అడగండి" అని ఆయనకి కబురు పంపింది మా ఆవిడేనని తర్వాత తెలిసింది.

అధికారి మొదట మాట్లాడాడు. పక్కనున్న కుర్చీ చూపించి నన్ను కూర్చోమన్నాడు. నేను వద్దండి అన్నాను. "చూశారా!" అన్నాడాయన మైకులో, పొంగిపోతూ. "ఈయన కూర్చోడు! ఇలాంటివాడు ఊరికొక్కడుంటే దేశానికి ఆస్పత్రులెందుకు?" జనం చప్పట్లు కొట్టారు. వెనక మా స్టాఫు వరసలో టీకాలాయన మోకాళ్ళు రుద్దుకుంటూ కొట్టాడు. అధికారి ముందు జనంలో దూరి తువ్వాలు చుట్టుకునే వీలు ఆ రోజు ఆయనకి లేదు.

అందుకే నేను ప్రసంగం ముగించి "ప్రశ్నలడగండి" అనగానే, ఎప్పటిలాగే సభంతా కాలి వేళ్ళు చూసుకుంది. మొదటి బావమరిది లేడు. ఎవరూ లేవలేదు. అప్పుడు గుంజ దగ్గర్నించి ఒక గొంతు వినపడింది.

"అయ్యా, నాక్కాదండి."

సభ హాయిగా ఊపిరి పీల్చుకుంది.

"మా వాళ్ళ పిల్లకొక సంబంధం చూశారండి. కుర్రాడు బంగారం. మొలలున్నాయని తెలిసింది. ఆ బాధ మామూలు బాధ కాదండీ. కూర్చుంటే సూదుల మీద కూర్చున్నట్టుంటుందంట. పొద్దున్నే కళ్ళమ్మట నీళ్ళొస్తాయంట. ఎడ్లబండెక్కితే ప్రాణం పోతుందంట. అట్టాంటివాడికి పిల్లనివ్వచ్చాండీ? పుట్టే పిల్లలకొస్తుందా?"

నాకు దారి దొరికిందనిపించింది. "మొలలకీ పెళ్ళికీ ఏ సంబంధమూ లేదండి" అన్నాను చకచకా. "అంటువ్యాధి కాదు, సంసారానికి అడ్డం కాదు. ఆకుకూరలు, పీచు పదార్థాలు తిని, మంచినీళ్ళు బాగా తాగి, కారం తగ్గించి, ముక్కకుండా, ఆపుకోకుండా ఉంటే చాలావరకు సర్దుకుంటుంది. రక్తం పడితే మాత్రం డాక్టరుకి చూపించుకోవాలి. నిస్సంకోచంగా పిల్లనివ్వచ్చు."

ఆ మాటతో పెళ్ళి నిలబడుతుంది, నా పరువూ నిలబడుతుంది. నిలబడటమే కదా నా ప్రత్యేకత! మా బావమరిది మాత్రం లేని మొలలతో జీవితాంతం కాపురం చెయ్యాలి. చేస్తే పోలా అనుకున్నాను, దేవుడి సాక్షిగా.

పెద్దాయన తల అడ్డంగా ఊపాడు.

"రోగం సంగతి నేనూ పట్టించుకోనండి. రోగం ఎవరికి రాదు? కానీ కుర్రాణ్ణి అడిగిస్తే, తనకి అసలు లేవన్నాడంటండి. డాక్టరు దగ్గర పేరుతో సహా మందు తీసుకుని, లేవని ఎట్టా అంటాడండీ? రేపు పిల్ల దగ్గర ఇంకేం దాస్తాడో! రోగం ఉన్నోడికిస్తాను గానీ, అబద్ధమాడేవాడికి ఇవ్వలేను. ఆ కుర్రాడు మీరెరిగినవాడే. మీరు చెప్పండి, ఇవ్వమంటారా?"

ఇప్పుడాయన 'మా వాళ్ళ పిల్ల' అనడం మానేశాడు. నా మొహంలోకే చూస్తున్నాడు.

పంచదార ఎక్కువైందని తలెత్తి చెప్పుకున్న ఇద్దరు పిల్లలు గుర్తొచ్చారు. నేను పటం దగ్గరికి వెళ్ళి, ఎప్పుడూ విప్పని ఆ కింది జానెడు గుడ్డనీ విప్పాను. అది విప్పీ విప్పగానే ఆడవాళ్ళు కొంగులు మొహానికి అడ్డం పెట్టుకున్నారు, సందులోంచి మాత్రం చూశారు. బెత్తం చివరంటా దించాను.

"ఆ కుర్రాడు అబద్ధమాడలేదండి. అతనికి లేవు. సిగ్గేసి అతని పేరు చెప్పి మందు తెచ్చుకున్నవాడు వేరే ఉన్నాడు. మొలలు ఇక్కడొస్తాయండి. వచ్చింది నాకు. మా బావమరిదికి కాదు, నాకే."

మైకు ఉంది కనక ఆ 'నాకే' కాలవ అవతలి గట్టు దాకా వెళ్ళింది.

వెనక వరసలోంచి టీకాలాయన గొంతు.

"అంటే... ఆ సైకిలూ?"

"అదీ అందుకేనండి."

"మరి మేమెందుకు తొక్కామయ్యా ఇన్నాళ్ళు నిలబడి!"

పందిరి కూలిపోతుందేమో అన్నట్టు నవ్వారు. మా అధికారి లేచి నిలబడాలో కూర్చోవాలో తెలియక మధ్యలో ఆగిపోయాడు. ఆయన మీద నాకు మొదటిసారి సానుభూతి కలిగింది. ఆ భంగిమ ఎంత కష్టమో నాకు తెలుసు.

నవ్వు సద్దుమణిగాక ఒక ముసలాయన లేచి, "నాకండీ, దురద" అన్నాడు. అంతే. ఎవరి దురద వాళ్ళది, ఎవరి కంపు వాళ్ళది. ఆ సాయంత్రం బావమరుదులంతా ఒక్కసారిగా ఆరోగ్యవంతులైపోయారు.

చాప మీద నుంచి ఒకావిడ లేచింది. కూలికి పోయే మనిషి. కొంగు మొహానికి అడ్డం పెట్టుకోలేదు.

"బాబూ, నీళ్ళు తాగమంటున్నారు, ఆపుకోవద్దంటున్నారు. మాకు మరుగు యాడుంది? తెల్లారకముందు గట్టుకి పోవాలి, మళ్ళా పొద్దుగూకాక పోవాలి. నడిమధ్య పోవాల్సొస్తదని దాహమేసినా నీళ్ళు తాగం. మేమేం చెయ్యాలి?"

నా పటం ఆ చివరి దాకా విప్పి ఉంది, దాని మీద ఆ జవాబు మాత్రం లేదు. అధికారి వైపు చూశాను. ఆయన తన బూట్లు చూసుకుంటున్నాడు. "మరుగుదొడ్ల గురించి పైకి రాస్తాం తల్లీ" అన్నాను. రాశాం కూడా. రాస్తూనే ఉన్నాం. ఉద్యోగంలో నేను నిజంగా ఓడిపోయింది అక్కడ, మొలల దగ్గర కాదు. ఆవిడ ప్రశ్న ముందు నా సిగ్గు ఎంత తీరుబడి మనిషి సిగ్గో తెలిసొచ్చింది.

సభ అయ్యాక పెద్దాయన నా దగ్గరికొచ్చి చాలా దగ్గరగా నిలబడ్డాడు.

"ముహూర్తం పెట్టిస్తాం హెల్తు గారూ. కుర్రాడిదేం తప్పు లేదు."

"సంతోషం బాబాయి గారూ."

"అదిసరే గానీ... గోరువెచ్చటి నీళ్ళ తొట్టిలో కూర్చుంటే మంచిదని ఎవరో అన్నారు. నిజంగా పనిచేస్తుందంటారా?"

"చేస్తుందండి. రోజూ కాసేపు."

"రోజూనా" అని తలూపుకుంటూ వెళ్ళిపోయాడు. ఎంత నిదానస్తుడో, అల్లుడి బావ ఆరోగ్యం మీద కూడా ఇంత శ్రద్ధ అనుకున్నాను.

మర్నాడే తెనాలి వెళ్ళాను. డాక్టరు గారు నన్ను చూడగానే, "ఏమయ్యా బావమరిదీ, వచ్చావా?" అన్నాడు. బుద్ధిగా చూపించుకున్నాను. ఆయన చెప్పినట్టు చేశాను. కొన్నాళ్ళకి సైకిలు సీటు మీద కూర్చుని కాలవ గట్టున వెళ్తుంటే, నాటేసే ఆడవాళ్ళు చేలోంచి "హెల్తు గారు కూర్చున్నారే!" అని కేకలేశారు.

పెళ్ళి దుగ్గిరాలలో ఘనంగా జరిగింది. భోజనాల బంతిలో అందరికీ పీటలు వేశారు. నా చోట మాత్రం పీట లేదు. కాస్త ఆగమన్నారు. మా బావమరిది నుదుటి బాసికంతోనే, రెండు చేతులా ఏదో పట్టుకుని బంతి మధ్యలోంచి నడిచొచ్చాడు. బూరుగు దూదితో కుట్టించిన గుండ్రటి దిండు. మధ్యలో కన్నం. అచ్చం పెద్ద గారె.

"మా బావగారి సింహాసనం! దారివ్వండి, దారివ్వండి!" అని అరిచాడు.

రెండు వైపుల బంధువులూ విస్తళ్ళ మీద పడి నవ్వారు. కొత్త పెళ్ళికూతురు తలెత్తి నవ్వింది. నేను దాని మీద కూర్చున్నాను. చచ్చేంత సిగ్గు, చెప్పలేనంత సుఖం. నా పెళ్ళాం తమ్ముడని ఊరుకున్నాను గానీ, ఆ బాకీ తీర్చకుండా పోనని ఆ గారె మీద కూర్చునే ఒట్టు పెట్టుకున్నాను.

'మొలల ఇన్‌స్పెక్టరు' అన్న పేరు నాకంటే ముందు బదిలీ అయ్యేది. బాపట్ల వేస్తే, సూర్యలంక రేవులో నేను సైకిలు దిగకముందే ఒక పడవ మనిషి, "మీరేనంటగా! అయితే నా ఉప్పునీళ్ళ పుండు సంగతి సిగ్గులేకుండా చెప్పచ్చు" అంటూ పంచె పైకి లాగాడు. ఆ పేరుతో నా పని సగం తేలికైంది. పరువు పోయినవాడి దగ్గర ఎవరికైనా నోరు తెరుచుకుంటుంది.

డెబ్బైలు సగం దాటాక నన్ను తెనాలి వేశారు. ఈలోగా మా బావమరిది మామగారి పసుపు కొట్లో చేరి, పొద్దుటి నుంచి పొద్దుగూకేదాకా గద్దె మీద కూర్చుని వ్యాపారం చూసుకుంటున్నాడు. కాస్త ఒళ్ళు చేశాడు. పదేళ్ళుగా పండక్కీ పబ్బానికీ "సింహాసనం తెచ్చుకున్నావా బావా?" అని అడగడం మాత్రం మానలేదు.

ఒక ఉదయం మా ఇంటికొచ్చాడు. కుర్చీ వేస్తే కూర్చోలేదు. కిటికీ దగ్గర నిలబడ్డాడు.

"ఏం లేదు బావా, ఊరికే. మా గుమాస్తాకి కొంచెం... ఇబ్బందిగా ఉందంట. కూర్చోలేకపోతున్నాడు. ఏం చెయ్యమంటావు?"

నా చెవులకి ఆ మాట మంగళవాద్యంలా వినిపించింది. మొహం ఎంత గంభీరంగా పెట్టుకోవాలో అంతా పెట్టుకున్నాను.

"చూడకుండా ఎలా చెప్తానోయ్? గుమాస్తాని పంపు."

పంపడనుకున్నాను. పంపాడు! అంత సిగ్గు. మర్నాడు గుమాస్తా వచ్చి, "అయ్యగారు మీరేదో ఇస్తారన్నారండి" అని బెంచీ మీద దర్జాగా, నిండుగా కూర్చున్నాడు. అటక మీంచి పెట్టె దించి, గారె దిండు తీసి, దుమ్ము దులిపి అతని చేతిలో పెట్టాను.

"కొట్లో మీ అయ్యగారి గద్దె మీద వెయ్యి. ఆయన వచ్చేలోగానే వెయ్యి. అందరూ ఉన్నప్పుడు."

అతను అమాయకుడు, చెప్పింది చెప్పినట్టు చేశాడు. రైతులూ దళారులూ పోగైన వేళ, గద్దె మధ్యలో గారె పెట్టి మర్యాదగా పక్కన నిలబడ్డాడట. మా బావమరిది వచ్చి దాన్ని చూసి గుమ్మంలోనే బిగుసుకుపోయాడట. గుర్తుపట్టకుండా ఎలా ఉంటాడు, తను కుట్టించిందే కదా! కొట్టు కొట్టంతా నవ్వడానికి సిద్ధమైంది.

సాయంత్రం మళ్ళీ మా గుమ్మంలో నిలబడ్డాడు. మొహం వాడిపోయి ఉంది.

"ఏమోయ్, గుమాస్తాకి నప్పిందా?" అన్నాను.

"మా మామగారు తీసేసుకున్నారు బావా."

"ఏంటి?"

"ఎవరూ నవ్వకముందే ఆయన గబగబా వచ్చి, నన్ను పక్కకి నెట్టి దాని మీద కూర్చున్నాడు. కళ్ళు మూసుకుని 'అమ్మయ్య' అన్నాడు. నేనెరిగిన ఇన్నేళ్ళలో ఆయన గద్దె మీద పూర్తిగా కూర్చోవడం ఇదే మొదటిసారి. ఇక లేవనంటున్నాడు. ఇంటిక్కూడా చంకలో పెట్టుకుపోయాడు."

పందిరి గుంజ, సూదులు, ఎడ్లబండి, గోరువెచ్చటి నీళ్ళ తొట్టి అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. నిదానస్తుడు, పాపం!

మా బావమరిది లోపలికొచ్చి కిటికీ చువ్వలు సవరించాడు.

"బావా, అట్టాంటిదే ఇంకోటి కుట్టించి పెడతావా?"

"ఎవరికోయ్?"

లోపల మా ఆవిడ గరిటె చప్పుడు ఆగింది. వాడు అక్క వైపు చూశాడు, నా వైపు చూశాడు, నేల వైపు చూశాడు.

"నాకే" అన్నాడు గొణుగుతూ.

నేను చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, కుర్చీలో వెనక్కి జారగిలబడి, కాలు మీద కాలు వేసుకుని సుఖంగా సర్దుకున్నాను.

"వయసైపోయిందిరా, సరిగ్గా వినపడలేదు. మళ్ళీ చెప్పు."